వ్యోమగామి తాగే అల్లం కాఫీ మన వంటింట్లో చేయడం ఎట్లా

మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో బళ్ళో ఏదో ఒకటి చేసి చూపించాలన్నారంట. మిగతా పిల్లలంతా అట్టతో రాకెట్లు చేస్తున్నారు. వీడు మాత్రం నా దగ్గరికొచ్చి, “అత్తా, పొడులు చేసి అమ్ముతావు గదా, స్పేస్‌లో తాగే కాఫీ చేసియ్యి” అన్నాడు. “అదేందిరా అబ్బయ్యా, నీళ్ళు కాచి పొడి వేసుకోలేరా వాళ్ళు?” అన్నాను. అన్నాక నాకే అనుమానమొచ్చింది. అసలు నీళ్ళెట్లా కాస్తారు?

నెల్లూరులో మా మేడ మీద నుంచి చూస్తే, రాత్రిపూట శ్రీహరికోటలో ఎగిరిన రాకెట్ నిప్పుముద్దలా కనిపిస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా ఇళ్ళల్లో ఇప్పటికీ అది మనదే. గగన్‌యాన్‌లో మనుషులు బయల్దేరేదీ అక్కణ్ణుంచే. ఇన్నేళ్ళూ రాకెట్ చూసి కిందికి దిగి కాఫీ పెట్టుకున్నదాన్నే తప్ప, పైకి పోయినవాళ్ళ కాఫీ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ పిల్లాడి పుణ్యమా అని నాలుగు వారాలు తంటాలు పడి ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. మీ పిల్లలకూ పనికొస్తుందని రాస్తున్నాను. బడి గొడవ లేకపోయినా రైలు ప్రయాణాలకు భేషుగ్గా ఉంటుంది.

మొదట ఒక సంగతి అర్థమైతే తర్వాతి పనులన్నీ సులువు. కాఫీ పెట్టేటప్పుడు సగం పని భూమే చేసిపెడుతుంది. గిన్నె అడుగున వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి లేస్తాయి, చల్లనివి కిందికి దిగుతాయి. బుడగలు పైకొచ్చి పగులుతాయి. ఫిల్టరులో డికాషన్ చుక్కచుక్కగా కిందికి దిగుతుంది, పిప్పి పైన నిలుస్తుంది. గ్లాసు వంచితే కాఫీ నోట్లోకి జారుతుంది. పైన భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వీటిలో ఒక్కటీ జరగదు.

అక్కడ భూమి ఆకర్షణే ఉండదని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అది పొరపాటు. కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. నెల్లూరు నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద పోయే దూరం కంటే తక్కువే. నేల మీద ఉన్న ఆకర్షణలో దాదాపు 90 శాతం అక్కడా ఉంటుంది. కాకపోతే కేంద్రం, మనుషులు, కాఫీ, అన్నీ కలిసి గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ పడిపోతూనే ఉంటాయి. గిన్నె, అందులో నీళ్ళు ఒకే తీరున పడిపోతుంటే ఆ నీళ్ళకు కింద అనేది ఏముంటుంది? అక్కడ నీళ్ళు కాస్తే ఆవిరి బుడగ పైకి లేవదు. వేడి తగిలిన చోటే పెద్దదై కూర్చుంటుంది. ఆ బుడగ వెనకాల లోహం మాడిపోతుంది, పక్కనున్న నీళ్ళు మాత్రం గోరువెచ్చగానే ఉండిపోతాయి. అందుకే స్టవ్వూ గిన్నే పెట్టుకోకుండా, మూసిన గొట్టాల్లో నీళ్ళు వేడిచేసే యంత్రం పెట్టుకున్నారు. అది మరుగు కంటే తక్కువ వేడి నీళ్ళను కొలిచి సంచిలోకి ఎక్కిస్తుంది. కాఫీపొడి, పాలపొడి, చక్కెర ఆ సంచిలో ముందే నేల మీద వేసి పంపిస్తారు.

కాబట్టి మంచి కాఫీ కావాలంటే దాన్ని ఇక్కడే చేయాలి. పైన జరిగేది నీళ్ళు కలపడం మాత్రమే. ఇది నాలాంటి వాళ్ళ పనే కదా అని కాస్త ధైర్యం వచ్చింది.

ఇక రుచి సంగతి. పైకి పోయినవాళ్ళకు మొదటి రోజుల్లో ఒంట్లో నీరంతా తలవైపు ఎక్కుతుంది. ముఖం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడేస్తుంది. పైగా తాగేది మూసిన సంచిలోంచి స్ట్రాతో, ఇక వాసన ముక్కుదాకా ఎక్కడొస్తుంది! వేడిగాలి పైకి లేవదు కనుక సంచి తెరిచినా పరిమళం మన దగ్గరిలా గుప్పుమనదు. మీరు ముక్కు గట్టిగా మూసుకుని యాలకుల టీ ఒక గుక్క తాగి చూడండి, వేడి తీపినీళ్ళలా ఉంటుంది. అదే అల్లం, మిరియాలు వేసింది తాగితే ముక్కు మూసినా గొంతులో చురుక్కుమంటుంది. ఘాటు తెలియడానికి వాసన అక్కర్లేదు, నోట్లోని నరాలకే నేరుగా తగులుతుంది. వ్యోమగాములు కారం సాస్‌లు అడిగి తెప్పించుకునేది ఇందుకే. అందుకని యాలకులు పక్కనపెట్టి అల్లం పట్టుకున్నాను. నెల్లూరు నాలుకకు ఇది పెద్ద త్యాగమేం కాదు.

మొదటిసారి మామూలుగా నేను అమ్మే సొంఠి పొడే కలిపాను. వస్త్రగాళితం పట్టిన మెత్తటి పొడి. అయినా సొంఠి నీళ్ళలో కరగదు, నానుతుంది అంతే. సంచిలో నీళ్ళు పోసి ఊపితే స్ట్రాకు అడ్డం పడింది. మన గ్లాసులో అయితే అడుగున చేరే నలక అక్కడ సంచంతా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి నియమం ఒకటే: సంచిలో వేసే ప్రతిదీ పూర్తిగా కరిగేదై ఉండాలి.

అల్లాన్ని చక్కెరలోకి ఎక్కించడం దీనికి మందు. మన అల్లం మురబ్బా పాకాన్ని ముక్కలు కోయకుండా ఇంకో రెండడుగులు ముందుకు తీసుకుపోవడమే.

40 సంచులకు సరిపడా 200 గ్రాముల ముదురు అల్లం, 400 గ్రాముల చక్కెర, 10 మిరియాలు తీసుకోండి. అల్లం చెక్కు తీసి, మిరియాలతో కలిపి ఒక గ్లాసు నీళ్ళతో మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వేసి పిండండి. ఆ రసాన్ని అరగంట కదపకుండా ఉంచండి. అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది. పైన తేట మాత్రం మెల్లగా వంచుకుని ఆ పిండి పారబోయండి. ఆశపడి దాన్నీ వేస్తే పాకం అడుగంటుతుంది, తర్వాత వేడినీళ్ళు తగిలినప్పుడు కాఫీ జావలాగా చిక్కబడుతుంది.

తేటలో చక్కెర కలిపి మందపాటి బాణలిలో సన్న మంట మీద పెట్టండి. అరగంటో, ముప్పావు గంటో పడుతుంది. తీగపాకం వస్తుంది, తర్వాత ముదురుపాకం. ఆ తర్వాత నురగ తెల్లబడి, చిక్కటి బుడగలు వస్తాయి. గరిట లాగితే వెనకాల బాణలి అడుగు కనిపిస్తుంది. అప్పుడు మంట ఆర్పేయండి, గరిట మాత్రం ఆపొద్దు. గోడలకు రుద్దుతూ తిప్పుతుంటే రెండు మూడు నిమిషాల్లో పాకం ఉన్నట్టుండి రవ్వలాగా విడిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. చల్లారాక మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి జల్లించుకోండి.

విడిపోకుండా బంకలాగే ఉండిపోతే కంగారుపడొద్దు. ఒక చెంచా పొడి చక్కెర చల్లి మళ్ళీ తిప్పండి. ఆ పలుకులను పట్టుకుని మిగతాది గట్టిపడుతుంది. దానికీ లొంగకపోతే అరగ్లాసు నీళ్ళు పోసి కరిగించి మొదటినుంచి కాచడమే. నిమ్మరసం చుక్క కూడా పడనివ్వొద్దు, పులుపు తగిలితే పాకం పలుకు కట్టదు. బెల్లంతో చేద్దామని కూడా చూశాను. రవ్వ అయితే అయింది గానీ తెల్లారేసరికి డబ్బాలో ముద్ద. మన కోస్తా గాలికి బెల్లం ఆగదు.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. పచ్చి అల్లం పాలలో వేస్తే విరుగుతాయని మనకు తెలుసు, అందులో పాలను విరగ్గొట్టే గుణమున్న ఎంజైము ఉంటుంది. బాగా కాగితే అది చచ్చిపోతుంది. పాకంలో ఇంతసేపు ఉడికిన అల్లం ఇక పాలపొడిని ఏమీ చేయదు.

ఒక సంచికి లెక్క ఇది: అల్లం చక్కెర 10 గ్రాములు, పాలపొడి 12 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 2 గ్రాములు. చెంచా కొలతలు నమ్మొద్దు, చిన్న డిజిటల్ కాటా వాడండి. మన దగ్గర తీపి చాలకపోతే ఇంకో అరచెంచా వేసుకుంటాం. అక్కడ సంచి మూశాక అంతే. తీపి తక్కువ కావాలనేవాళ్ళకు వేరే సంచి, పాలు వద్దనేవాళ్ళకు వేరే సంచి నేల మీదే కట్టాలి. చికోరీ ఎక్కువ కలిసిన కాఫీపొడి తీసుకోకండి, గాలి తగలగానే జిగురు పడుతుంది. పాలపొడిని ముందు అల్లం చక్కెరతో బాగా కలిపి, ఆ తర్వాత కాఫీపొడి వేయండి. ఉత్త పాలపొడికి వేడినీళ్ళు తగిలితే పైపైన తడిసి, లోపల పొడిగానే ఉండలు కడుతుంది. చక్కెర పలుకులు మధ్యలో ఉంటే నీళ్ళు లోపలికి దారి చేసుకుంటాయి.

పొడి కట్టేది ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పూట పెట్టుకోండి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే మా ఊళ్ళో ఉప్పు కూడా డబ్బాలో కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అందుకే వారోత్సవాలు అక్టోబరులో అయినా పొడి పని సెప్టెంబరులోనే ముగించేశాను. చెంచా, గిన్నె ఒకసారి ఎండలో పెట్టి తీసుకోండి.

సంచి అంటే మూతి, బిరడా ఉన్న స్పౌట్ పౌచ్. ప్యాకింగ్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. వేడి తట్టుకునే, తిండికి వాడదగిన రకమేనా అని అడిగి మరీ కొనండి. మామూలు పాలిథిన్ కవరులో వేడి కాఫీ పోయడం మన టీ కొట్ల దగ్గర చూస్తుంటాం గానీ అది మంచి అలవాటు కాదు. పొడి వేసేటప్పుడు కాగితం పొట్లంలా చుట్టి దాంతో వేయండి. సీలు పడే అంచుకు పొడి అంటితే ఎంత మంచి మిషనైనా సరిగ్గా అతికించదు. పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు సీలు వేయండి. నేల మీదైతే పొడి కారితే చీమలొస్తాయి. పైన అయితే గాల్లో తేలి కళ్ళల్లో పడుతుంది, యంత్రాల్లో దూరుతుంది. ఆ భయంతోనే అక్కడ ఉప్పును నీళ్ళలో, మిరియాలను నూనెలో కలిపి సీసాల్లో పంపుతారు.

బిరడా బిగించే ముందు గాలి తీయడం మాత్రం అశ్రద్ధ చేయొద్దు. బకెట్లో నీళ్ళు పెట్టి, సంచి మూతి పైకి ఉండేలా మెల్లగా ముంచండి. చుట్టూ నీళ్ళు నొక్కి గాలిని బయటికి తోసేస్తాయి. నీటిమట్టం మూతిదాకా రాకముందే బిరడా బిగించండి. లోపల గాలి ఉంటే ఏమంటారా? అక్కడ గాలి పైకి చేరదు, కాఫీలోనే బుడగలుగా కలిసిపోతుంది. తాగేవాళ్ళు నురగ మింగాలి. కడుపులో కూడా గాలి, నీళ్ళు విడిపోవు. త్రేన్పు వస్తే ఉత్త గాలి రాదు, తాగిందీ కాస్త వెంట వస్తుంది. 1985లో అమెరికావాళ్ళు స్పేస్ షటిల్ అనే వ్యోమనౌకలో కోక్, పెప్సీ పంపి చూశారు. గ్యాసున్న పానీయాలు ఈ చిక్కు వల్లే అక్కడ అలవాటుగా మారలేదు.

సంచి మీద పేరు, తేదీతో పాటు ‘నీళ్ళు 120 మి.లీ.’ అని రాయండి. ఆ అంకె రాయకపోతే పైన ఉన్నవాళ్ళకు ఎంత పోయాలో తెలియదు.

ఇప్పుడు నీళ్ళు. మరిగించి దించి, స్టీలు గిన్నెలో మూత లేకుండా ఉంచి, 70 డిగ్రీలకు దిగాక వాడండి. థర్మామీటరు పెట్టి చూడండి, అందాజు వద్దు. గరాటుతో పోస్తే భూమి సాయం తీసుకున్నట్టే. కాబట్టి మందుల షాపులో సూది లేకుండా దొరికే 60 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి కొత్తది తెచ్చుకుని, రెండుసార్లు నిండా పీల్చి మూతిలోంచి నెట్టండి. ఇది అక్కడి యంత్రం చేసే పనే. పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దవాళ్ళుండాలి. బిరడా బిగించి ఊపడం కంటే, సంచిని పిండి పిసికినట్టు అర నిమిషం పిసకడం మేలు. ఉండలు వేళ్ళకు తెలుస్తాయి, అక్కడే నలిపేయొచ్చు. తర్వాత ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. గ్లాసులో కాఫీని దవరాలో తిరగబోసి చల్లారుస్తాం, సంచిలో ఆ వీలు లేదు. పైన అయితే ఇంకా నిదానం, లోపల వేడిద్రవం తనంతట తాను కదలదు కదా. స్ట్రాతో వచ్చే వేడి నేరుగా నాలుక వెనక్కి తగులుతుంది. నాకు తగిలింది, రెండు రోజులు ఏం తిన్నా గరుకుగానే ఉండింది.

స్ట్రాకు బట్టల క్లిప్పు పెట్టుకోండి. గుక్కకూ గుక్కకూ మధ్య బిగించకపోతే, సంచి మీద వేలు పడగానే కాఫీ బయటికొస్తుంది. అంతరిక్షంలో వాడే స్ట్రాలకూ ఇట్లాంటి బిగింపే ఉంటుంది.

మీ కాఫీ పరీక్షకు నిలిచిందో లేదో చూడాలంటే, సంచిని తలకిందులుగా, అడ్డంగా, ఎట్లా పట్టుకున్నా ఆఖరి గుక్కదాకా నలక లేకుండా రావాలి. తాగాక సంచి కోసి చూడండి. మూలల్లో ముద్ద మిగిలితే పాలపొడి ఎక్కువైందని, లేదా నీళ్ళు చల్లబడ్డాయని.

ఫిల్టరు కాఫీ తప్ప ఇంకోటి కాఫీయే కాదనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. డికాషన్ దానంతట అది దిగకపోతే ఒత్తిడితో నెట్టాలి. ఇటలీవాళ్ళు ఆ పని చేశారు. లావాజా, ఆర్గోటెక్ కంపెనీలు ఇటలీ అంతరిక్ష సంస్థతో కలిసి ఐఎస్ఎస్‌ప్రెస్సో అనే యంత్రం చేసి 2015లో పైకి పంపాయి. బరువు 20 కిలోల దాకా. ఆ ఏడాది మే 3న ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫరెట్టి అందులో కాచిన మొదటి ఎస్‌ప్రెస్సో తాగింది. ఒక కప్పు కోసం 20 కిలోలు! మా నాయనకు చెబితే, “మంచి కాఫీకి ఆ మాత్రం మొయ్యొచ్చు” అన్నాడు.

కప్పులో తాగాలనే సరదా కూడా వ్యోమగాములకుంది. డాన్ పెటిట్ అనే వ్యోమగామి 2008 నవంబరులో ఎండీవర్ షటిల్‌లో పోయినప్పుడు, ఒక పారదర్శక ప్లాస్టిక్ షీటును మడిచి టేపు వేసి, ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు సన్నటి మూలగా వచ్చే కప్పు చేశాడు. ఆ ఇరుకు మూల వెంబడి కాఫీ దానంతట అదే పెదవిదాకా పాకుతుంది. దీపంలో ఒత్తి నూనె పీల్చుకున్నట్టే, బకెట్ అంచున వేలాడే గుడ్డ నీళ్ళు బయటికి లాగినట్టే. ఇది మీ బళ్ళో చూపించడం చాలా తేలిక. రెండు చదరపు గాజు ముక్కల్ని ఒక నిలువు అంచున తాకించి, రెండో అంచున మధ్యలో అగ్గిపుల్ల పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, కాఫీ రంగు నీళ్ళున్న పళ్ళెంలో నిలబెట్టండి. గాజులు తాకిన వైపు నీళ్ళు పైకెక్కి, వెడల్పు వైపుకు వంపు తిరుగుతూ దిగుతాయి. మా వాడి బల్ల దగ్గర పిల్లలు ఎక్కువసేపు నిలబడింది దీనికే. కాఫీకి పెద్దవాళ్ళు నిలబడ్డారు.

అదే ఎండీవర్ ఇంకో సామాను కూడా మోసుకుపోయింది: మూత్రాన్ని తాగేనీళ్ళుగా మార్చే యంత్రం. చెమట, ఊపిరిలోని తేమ, మూత్రం, అన్నీ శుద్ధిచేసి మళ్ళీ వాడతారు. 2023 నాటికి 98 శాతం నీరు తిరిగి రాబట్టగలిగారు. ఇవాళ తాగిన కాఫీయే ఎల్లుండి కాఫీ అన్నమాట. ఈ ముక్క మాత్రం కాఫీ తాగేవాళ్ళకు తాగాకే చెప్పమన్నాను. మావాడు ముందే చెప్పేశాడు.

టీ గురించి అడుగుతారని తెలుసు. చిక్కటి టీ డికాషన్‌ను అల్లం లాగే చక్కెర పాకంలో పెట్టి చూశాను. రవ్వ బాగానే అయింది గానీ అంతసేపు కాగేసరికి సువాసనంతా పోయి, నిన్నటి టీ మళ్ళీ వెచ్చబెట్టినట్టు వగరు మిగిలింది. టీ కావాలంటే బజార్లో దొరికే ఇన్‌స్టంట్ టీపొడి ఒక గ్రాము, పైన చెప్పిన పాలపొడి, అల్లం చక్కెరతో కలుపుకోండి. ఫరవాలేదనిపిస్తుంది, అంతకంటే ఎక్కువ చెప్పను. పాలు లేకుండా ఉత్త అల్లం చక్కెర 12 గ్రాములకు 120 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోస్తే వచ్చే పానకం మాత్రం టీని మించి ఉంది. జలుబు చేసిన ముక్కుకు కూడా రుచి తెలుస్తుంది.

అల్లం చక్కెర గాజు సీసాలో, గట్టి మూతతో మూడు నెలలు బాగానే ఉంటుంది. పాలపొడి కలిపి కట్టిన సంచులు నెల లోపల వాడేయండి. ఆ తర్వాత పాడైపోతాయని కాదు, పాలపొడికి పాత నెయ్యి వాసన మొదలవుతుంది. సీసాలో తడి చెంచా పెట్టిన వాళ్ళను మాత్రం క్షమించొద్దు.